మనుషులు రెండుసార్లు మారినా ఊరు చెరగలేదు: చెక్ పల్లె హోలషోవిట్సె

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒక చిన్న ఊరి గురించి మాట్లాడదామని వచ్చాను. చెక్ రిపబ్లిక్‌లో దక్షిణ బొహీమియా ప్రాంతంలో హోలషోవిట్సె అని ఒక పల్లె ఉంది. జనాభా 140 దాకా ఉంటుంది. సొంత పంచాయతీ కూడా లేదు, యాన్కోవ్ అనే పక్క ఊరి పాలన కిందే నడుస్తుంది. రాజుగారి కోట లేదు. ఆకాశాన్నంటే చర్చి లేదు. ఉన్నవన్నీ రైతుల ఇళ్లు. ఆ ఇళ్ల కోసమే, అవి నిలబడిన వరస కోసమే, 1998లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెక్ దేశం నుంచి ఆ జాబితాలోకి మొదట వెళ్లినవి ప్రాగ్, చెస్కీ క్రుమ్లోవ్, తెల్చ్. ఆ మూడింటికీ 1992లో గుర్తింపు వచ్చింది. మూడూ రాజులో జమీందార్లో పోషించిన పట్టణాలు. ఆరేళ్లు తిరక్కుండానే వాటి పక్కన ఒక రైతుల పల్లె చేరడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఊరంటే ఏమిటి అని అడిగితే మనుషులే కదా అంటాం. హోలషోవిట్సెలో మనుషులు రెండుసార్లు దాదాపు పూర్తిగా మారిపోయారు. మొదటిసారి ప్లేగు వల్ల, రెండోసారి యుద్ధం తెచ్చిన రాజకీయాల వల్ల. భాష కూడా మారింది, మళ్లీ మారింది. అయినా మధ్యయుగంలో వేసిన స్థలాల హద్దులు, ఇళ్ల వరస, నడుమ ఖాళీ జాగా అలాగే ఉన్నాయి. అక్కడున్న ఏ కుటుంబం కన్నా ఆ ఊరి పటమే పాతది. అదెలా సాధ్యమైందో చెప్పడమే ఈ రోజు నా పని.

ముందు నేల సంగతి. తెర మీద మ్యాప్ చూడండి. ప్రాగ్ నుంచి దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్లు వస్తే చెస్కే బుద్యెయోవిట్సె అనే పట్టణం వస్తుంది. బడ్‌వైజర్ అన్న బీరు పేరు ఈ ఊరి జర్మన్ పేరు నుంచి వచ్చిందే. వల్తవా, మల్షె నదులు ఇక్కడ కలుస్తాయి. వల్తవా దక్షిణాన షుమవా కొండల్లో పుట్టి, చెస్కీ క్రుమ్లోవ్‌ను చుట్టి, ఈ పట్టణం మీదుగా ప్రాగ్‌కు పోతుంది. బుద్యెయోవిట్సె చుట్టూ నేల పళ్లెంలా పల్లంగా ఉంటుంది. అడుగున బంకమట్టి, పైన నిలిచే నీళ్లు. అందుకే ఈ ప్రాంతం నిండా చెరువులే. మనుషులు కట్టలు వేసి తవ్వుకున్న చేపల చెరువులు. తూర్పున త్ర్షెబోన్ దగ్గర రోజ్‌మ్‌బెర్క్ చెరువును 1584 నుంచి 1590 దాకా యాకుబ్ కర్చీన్ అనే అధికారి కట్టించాడు. దేశంలో ఇప్పటికీ అదే అన్నిటికన్నా పెద్ద చేపల చెరువు. శరదృతువులో చెరువుల నీళ్లు వదిలేసి కార్ప్ చేపలు పడతారు. క్రిస్మస్ ముందు రాత్రి భోజనంలో ఆ చేప లేని చెక్ ఇల్లు అరుదు.

ఈ పల్లపు నేల అంచున, కొండలు మొదలయ్యే చోట ఉంది హోలషోవిట్సె. బుద్యెయోవిట్సెకు పడమరగా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరం. దక్షిణాన కనిపించేవి బ్లాన్‌స్కీ లెస్ కొండలు. వాటిలో ఎత్తైనది క్లెత్, 1084 మీటర్లు. దాని మీద 1825 నాటి రాతి బురుజు ఒకటి ఉంది, ఆకాశం తేటగా ఉన్న రోజున అక్కడి నుంచి ఆల్ప్స్ పర్వతాలు కూడా కనిపిస్తాయి. ఒక పక్క అడవి కలప, ఇంకో పక్క ఇటుకలకూ పెంకులకూ పనికొచ్చే మట్టి, చుట్టూ సాగుభూమి. ఆ ఇళ్లు చూసేటప్పుడు ఈ మూడూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు చరిత్ర. 13వ శతాబ్దంలో బొహీమియాను ప్ర్షెమిస్ల్ ఒటకార్ రెండో రాజు పాలించాడు. దక్షిణాన రోజ్‌మ్‌బెర్క్ వంటి పెద్ద జమీందారీ వంశాలు బలపడుతున్నాయి. 1259లో రోజ్‌మ్‌బెర్క్ వంశానికి చెందిన వోక్ విష్షీ బ్రోద్‌లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం స్థాపించాడు. 1263లో రాజు జ్లతా కొరునాలో అదే సంప్రదాయానికి చెందిన ఇంకో మఠం పెట్టాడు. 1265లో బుద్యెయోవిట్సె పట్టణాన్ని కట్టించాడు. రాజు ఒక వైపు, జమీందార్లు ఒక వైపు, అడవి కొట్టి జనాన్ని దింపి తమ పట్టు పెంచుకుంటున్న కాలం అది. హోలషోవిట్సె పేరు రాతల్లో మొదటిసారి కనిపించేది ఆ 1263లోనే.

1292లో వాట్స్లవ్ రెండో రాజు ఈ పల్లెను విష్షీ బ్రోద్ మఠానికి ఇచ్చేశాడు. అప్పటి నుంచి 1848 దాకా, అంటే ఐదున్నర శతాబ్దాలకు పైగా, ఊరికి యజమాని ఆ మఠమే. రాజ్యాలు మారాయి, మతసంస్కర్త యాన్ హుస్ అనుచరుల యుద్ధాలొచ్చాయి, ముప్పై ఏళ్ల యుద్ధం వచ్చింది. ఈ ఊరి శిస్తు మాత్రం ఒకే గుమ్మానికి పోయింది. ఊరి పటం మారకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. యజమాని మారినప్పుడల్లా భూమిని మళ్లీ కొలుస్తారు, మళ్లీ ముక్కలు చేస్తారు. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

ఈ ఫొటో పైనుంచి తీసింది, కాస్త నిదానంగా చూడండి. ఊరి నడుమ పొడవైన దీర్ఘచతురస్రపు మైదానం ఉంది. సుమారు 210 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. చెక్ వాళ్లు దీన్ని నావెస్ అంటారు. అందులో ఒక చిన్న చెరువు, ఒక చిన్న ప్రార్థన మందిరం, ఒక శిలువ, కమ్మరి కొట్టం, కొన్ని చెట్లు. మైదానం చుట్టూ 23 రైతు వాకిళ్లు. ప్రతి వాకిలీ మైదానం వైపు ఇరుకుగా, వెనక్కి చాలా పొడవుగా ఉంటుంది. ముందు ఇల్లు, తర్వాత పశువుల కొట్టం, లోపల ముంగిలి, చివర అడ్డంగా పెద్ద గాదె కొట్టం, దాని వెనక తోట, తోట దాటాక పొలం. ఇంటి ముందు భాగం ఎంత వెడల్పో, వెనక పొలం చాలు అంత వెడల్పుతో మొదలయ్యేది. ఒక్క గీతతో ఇల్లూ, తోటా, పొలమూ కలిసి వచ్చేవి. గాదె కొట్టాలన్నీ వెనకవైపు వరసగా నిలిచి, ఊరికి ప్రహరీలా కనిపిస్తాయి.

ఇలా గీసినవాళ్లు చదువుకున్న పట్టణ నిర్మాతలు కారు. కొత్త ఊరికి జనాన్ని తెచ్చి దింపే గుత్తేదార్లు తాళ్లతో కొలిచి పంచిన స్థలాలివి. ఎవరికి ఎంత వచ్చిందో అందరూ చూస్తుండగా కొలవాలి కాబట్టి, ఆ కొలత తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలి. ఆ తేలికతనమే దాన్ని ఏడు వందల ఏళ్లు నిలబెట్టిందనుకుంటాను. మైదానంలోని చెరువు కూడా అలంకారానికి తవ్వింది కాదు. నిప్పంటుకుంటే నీళ్లు కావాలి. అప్పటి ఇళ్లన్నీ కర్రవి, గడ్డికప్పువి.

ఇక 1520 దగ్గరికి వద్దాం. ఆ ఏడాది నుంచి 1525 మధ్య ప్లేగు ఈ ఊరిని ఊడ్చేసింది. ఇద్దరంటే ఇద్దరు మిగిలారని చెబుతారు. ఒక ఊరిలో ఇద్దరు. పొలాలకు మనిషి లేడు, పశువులకు దిక్కులేదు, చనిపోయినవాళ్లను పూడ్చడానికి చేతులు లేవు. ఆ విపత్తుకు గుర్తుగా నిలిపిన స్తంభం ఇప్పటికీ అక్కడుంది. యాత్రికుల బస్సు దిగినవాళ్లు ఎక్కువమంది దాని దాకా వెళ్లరు. వెళ్లాలని నా మనవి.

పొలం బీడు పడితే మఠానికి శిస్తు రాదు. అందుకని సన్యాసులు బవేరియా నుంచి, ఆస్ట్రియా నుంచి రైతులను పిలిపించారు. వాళ్లు జర్మన్ మాట్లాడేవాళ్లు. 1530 నాటికి మఠం లెక్కల్లో 17 పేర్లు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు కొత్త ఊరు కట్టుకోలేదు. చనిపోయినవాళ్ల స్థలాల్లోనే, పాత హద్దుల మీదే ఇల్లు లేపారు. మఠం చేతిలో పాత కొలతలున్నాయి, పన్ను ఆ స్థలం మీదుంది, పొలం చాలు వెనక అలాగే ఉంది. కాబట్టి చెక్ రైతులకు గీసిచ్చిన ఊరిలోకి జర్మన్ రైతులు వచ్చి కాపురం పెట్టారు. తర్వాతి నాలుగు వందల ఏళ్లు హోలషోవిట్సె జర్మన్ మాట్లాడే పల్లెగా, చుట్టూ చెక్ మాట్లాడే పల్లెల మధ్య ఉండిపోయింది. 1895 లెక్క ప్రకారం 157 మంది జర్మన్లు, 19 మంది చెక్‌లు.

ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న ఇళ్ల దగ్గరికి వద్దాం. ఈ ఫొటో చూడగానే చిన్నపిల్లలు రంగు పెన్సిళ్లతో గీసినట్టుందని ఎవరో అన్నారు, ముందు వరసలోంచి. నిజమే, రంగులు అలాగే ఉన్నాయి. లేత పసుపు, లేత ఆకుపచ్చ, గులాబీ, తెలుపు. ప్రతి వాకిలికీ మైదానం వైపు రెండు ముఖాలు కనిపిస్తాయి, రెండిటి మధ్య కమాను ఉన్న పెద్ద గేటు, దాని పక్కన మనిషి నడిచే చిన్న తలుపు. ముఖం పైభాగం త్రికోణంగా ఉండాల్సింది పోయి మెలికలు తిరిగి, చుట్టలు చుట్టుకుని, గంట ఆకారంలో లేస్తుంది. దాని మీద సున్నపు పనితో తీగలు, పువ్వులు, చిన్న గూళ్లు, కట్టిన సంవత్సరం. ఈ శైలిని దక్షిణ బొహీమియా జానపద బరోక్ అంటారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతుంది. మెలికలూ అలంకారాలూ నిండిన ఈ బరోక్ శైలి పట్టణాల్లో, రాజభవనాల్లో 17, 18 శతాబ్దాల నాటిది. హోలషోవిట్సె ఇళ్ల ముఖాలు ఎక్కువగా 19వ శతాబ్దంలో వచ్చినవి. పట్టణాల్లో ఆ ఫ్యాషన్ పోయి చాలాకాలమైంది. మరి పల్లెలో అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? కారణాలు చట్టాల్లో ఉన్నాయి. 1781లో యోసెఫ్ రెండో చక్రవర్తి రైతులు యజమాని అనుమతి లేకుండా పెళ్లి చేసుకోవచ్చని, ఊరు విడిచి వెళ్లవచ్చని, పిల్లలకు వేరే వృత్తి నేర్పించుకోవచ్చని ప్రకటించాడు. 1848లో వెట్టి కూడా రద్దయింది, పొలం రైతు సొంతమైంది. ఐదున్నర శతాబ్దాల తర్వాత తన పంట డబ్బు తన చేతిలో ఉన్న మొదటి తరం అది. వాళ్లు ఆ డబ్బును ముందుగా ఇంటి ముఖం మీద పెట్టారు.

నిప్పు భయంతో ప్రభుత్వాలు కర్ర ఇళ్ల స్థానంలో ఇటుక, రాయి వాడమని ఒత్తిడి చేస్తున్న కాలం కూడా అదే. ఊళ్లలో తిరిగే తాపీ మేస్త్రీలు మఠాల్లో, చర్చిల్లో, జమీందార్ల భవనాల్లో పనిచేసి వచ్చినవాళ్లు. అక్కడ రాతి మీద చూసిన మెలికలను ఇక్కడ సున్నంతో పెట్టారు. నకలు అని తేలిగ్గా తీసెయ్యకండి. రాజభవనంలో ఆ అలంకారం వంద కిటికీల మధ్య కలిసిపోతుంది. ఇక్కడ రెండే కిటికీల పైన, తన పేరున కట్టిన మొదటి పక్కా ఇంటి మీద, సంవత్సరంతో సహా నిలబడుతుంది. పక్కింటివాడు పసుపు వేస్తే తను ఆకుపచ్చ వేశాడు, వాడి గంట ఆకారానికి ఒక మెలిక ఎక్కువ పెట్టాడు. కానీ ఎవరూ వరస దాటి ముందుకు రాలేదు, పక్కవాడి కప్పు కన్నా ఎత్తు లేపలేదు. ఆ నిగ్రహమే నాకు మరీ నచ్చుతుంది.

రెండు ముఖాలున్నాయన్నాను కదా. పెద్దది రైతు కాపురముండే ఇల్లు. మైదానం వైపు గది, దాని వెనక నడవా, వంటిల్లు, ఆ వెనక పశువులు. ఎదురుగా ఉన్న చిన్నది కొన్ని వాకిళ్లలో ధాన్యం గాదె. మరికొన్నింటిలో అది వయసైన తల్లిదండ్రుల ఇల్లు. కొడుకుకు పొలం అప్పగించే రోజున తండ్రి కాగితం రాయించుకునేవాడు. ఏ గది మాది, ఏడాదికి ఎన్ని కొలతల ధాన్యం ఇవ్వాలి, ఎంత పాలు, ఎన్ని గుడ్లు, ఎంత కట్టెలు, అన్నీ అందులో ఉండేవి. మనవైపు ఆస్తి పంపకాల్లో తల్లిదండ్రుల బతుకుతెరువుకని కొంత పొలం విడిగా రాసుకుంటారు చూడండి, అలాంటిదే. తేడా ఏమిటంటే అక్కడ ఆ ఒప్పందం ఇంటి ముందే గోడలా నిలబడి ఊరంతటికీ కనిపిస్తుంది. పొలం వారసుల మధ్య ముక్కలు కాకుండా ఒక్క వారసుడికే వెళ్లే చోట్ల ఈ ఏర్పాటు బలంగా ఉండేది. ఊరి హద్దులు నిలవడానికి ఇదీ ఒక కారణమే.

మైదానంలో ఉన్న మందిరం 1755 నాటిది. సెయింట్ జాన్ ఆఫ్ నెపొముక్ పేరు మీదుంది. ఆయన ప్రాగ్ మతాధికారి. 1393లో రాజు మనుషులు ఆయన్ని చార్లెస్ వంతెన మీద నుంచి వల్తవాలో పడేశారు. రాణి చేసిన పాపనివేదన రహస్యాన్ని బయటపెట్టనందుకే అలా చేశారని కథ. చర్చి పదవుల విషయంలో రాజుకూ ఆర్చ్‌బిషప్‌కూ వచ్చిన తగాదాలో బలయ్యాడని చరిత్రకారులు అంటారు. 1729లో పోప్ సెయింట్‌గా ప్రకటించాక దేశమంతా ఆయన విగ్రహాలు వెలిశాయి, ముఖ్యంగా వంతెనల దగ్గర, నీళ్ల దగ్గర. తల చుట్టూ ఐదు నక్షత్రాలుంటే ఆయనే అని గుర్తుపట్టవచ్చు. హోలషోవిట్సె మందిరం చాలా చిన్నది. దాని ముఖం పైభాగం కూడా గంట ఆకారంలోనే ఉంటుంది. చుట్టూ ఉన్న ఇళ్ల ముఖాలు వంద ఏళ్ల తర్వాత దాన్నే చూసి నేర్చుకున్నాయా అనిపిస్తుంది.

ఇక చెప్పక తప్పని భాగం. టూరిజం కరపత్రాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేను దాటను.

1938 సెప్టెంబర్‌లో మ్యూనిక్‌లో నాలుగు దేశాలు కూర్చుని, చెకొస్లోవేకియాను గదిలోకి పిలవకుండానే, జర్మన్లు ఎక్కువగా ఉన్న సరిహద్దు ప్రాంతాలను హిట్లర్‌కు ఇచ్చేశాయి. మరుసటి మార్చిలో మిగిలిన చెక్ దేశాన్ని కూడా అతను ఆక్రమించాడు. 1942లో ప్రాగ్‌లో నాజీ పాలకుడు హైడ్రిక్‌ మీద దాడి జరిగి అతను చనిపోయాడు. దానికి పగగా నాజీలు ప్రాగ్‌కు దగ్గర్లోని లిదిత్సె అనే పల్లెను ఎంచుకున్నారు. జూన్ 10న ఆ ఊళ్లో 173 మంది మగవాళ్లను కాల్చి చంపారు. ఆడవాళ్లను నిర్బంధ శిబిరానికి పంపారు. పిల్లల్లో ఎక్కువమందిని విషవాయువుతో చంపారు. తర్వాత ఇళ్లను తగలబెట్టి, పేల్చి, చర్చినీ శ్మశానాన్నీ పెకలించి, వాగు దారి కూడా మళ్లించారు. వాళ్లకు మనుషులను చంపడం సరిపోలేదు, ఊరి పటాన్ని నేల మీద లేకుండా చెయ్యాలనుకున్నారు. యుద్ధం తర్వాత కొత్త లిదిత్సెను పాత ఊరి పక్కన కట్టారు. పాత ఊరు ఉన్న చోట ఇవాళ పచ్చిక.

ఈ కోపం, ఈ దుఃఖం 1945లో చెక్ సమాజంలో నిండి ఉంది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ చెకొస్లోవేకియా నుంచి దాదాపు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టారు. మొదటి నెలల్లో అది హింసతో, ప్రతీకారంతో సాగింది. యుద్ధంలో గెలిచిన దేశాల పోట్స్‌డామ్ సమావేశం తర్వాత ప్రభుత్వమే రైళ్లలో ఎక్కించి పంపింది. మనిషికి 30 నుంచి 50 కిలోల సామాను. ఇల్లు, పొలం, పశువులు అన్నీ జప్తు. ఆ క్రమంలో చనిపోయినవాళ్లు 15,000 నుంచి 30,000 దాకా ఉంటారని చెక్, జర్మన్ చరిత్రకారుల ఉమ్మడి కమిషన్ అంచనా వేసింది. వాళ్లలో నాజీలను సమర్థించినవాళ్లు చాలామంది ఉన్నారు. పాపం పుణ్యం తెలియని పిల్లలు, ముసలివాళ్లు కూడా ఉన్నారు.

హోలషోవిట్సె రైతులూ అలాగే పోయారు. 1530లో లెక్కకెక్కిన వాళ్ల వారసులు, ఆ గంట ఆకారపు ముఖాలు కట్టించుకున్నవాళ్ల మనవలు, ఊరు వదిలి వెళ్లారు. ఇవాళ మనం మెచ్చుకునే ప్రతి గోడ మీదా ఉన్న సంవత్సరం వాళ్లు వేయించుకున్నది. ఆ ఊరి అందం గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి. 1997 జనవరిలో చెక్, జర్మన్ ప్రభుత్వాలు ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. నాజీల దురాగతాలకు జర్మనీ, వెళ్లగొట్టడంలో అమాయకులకు జరిగిన అన్యాయానికి చెక్ దేశం విచారం తెలిపాయి. మరుసటి ఏడాదే హోలషోవిట్సె యునెస్కో జాబితాకెక్కింది. రెండింటికీ సంబంధం లేకపోవచ్చు. కానీ ఆ ఇళ్లు ఎవరివో బాహాటంగా మాట్లాడుకోగలిగే వాతావరణం ఆ రోజుల్లోనే వచ్చింది.

యుద్ధం తర్వాత చెక్ కుటుంబాలు కొన్ని వచ్చి చేరాయి. చాలా వాకిళ్లు మాత్రం ఖాళీగానే ఉండిపోయాయి. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. సొంత పొలాలు సహకార క్షేత్రాల్లో కలిసిపోయాయి. పొలం చాళ్ల మధ్య గట్లు దున్నేశారు. ఒక రైతు కుటుంబానికి సరిపోయే గాదె, కొట్టం, ముంగిలి ఎవరికీ అక్కరలేకుండా పోయాయి. ఆస్ట్రియా సరిహద్దు ఇక్కడికి దగ్గర, ఆ సరిహద్దు అప్పుడు ముళ్లకంచె. ఈ ప్రాంతంలో పెట్టుబడి పెట్టడానికి ప్రభుత్వానికి పెద్ద ఆసక్తి లేదు. కప్పులు కురిశాయి, సున్నం పెచ్చులూడింది.

వినడానికి బాధగా ఉంటుంది కానీ, ఊరిని కాపాడింది కూడా ఆ నిర్లక్ష్యమే. డబ్బున్న పల్లెల్లో ఆ నలభై ఏళ్లలో మైదానం నడుమ చదరపు దుకాణం లేచింది, పాత ముఖాలు గీకేసి సిమెంటు పూశారు, కిటికీలు వెడల్పు చేశారు. ఇక్కడ ఆ పని చేయడానికి మనిషీ డబ్బూ రెండూ లేవు. ఇంకో మేలు పట్టణవాసుల వల్ల జరిగింది. విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ లేని ఆ కాలంలో చెక్ పట్టణవాసులు పాత పల్లె ఇళ్లను వారాంతాలకని తీసుకుని తమ చేతులతో బాగుచేసుకునేవారు. దేశమంతా వేల ఇళ్లు అలా కూలిపోకుండా నిలిచాయి. ప్రభుత్వం చేయని మరమ్మతును శని, ఆదివారాల్లో మామూలు ఉద్యోగులు చేశారు.

1989 నవంబర్‌లో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1990 నుంచి హోలషోవిట్సెలో మరమ్మతులు, కొత్త కాపురాలు మొదలయ్యాయి. 1995లో దేశం ఈ ఊరిని రక్షిత గ్రామంగా ప్రకటించింది. మూడేళ్లకు ప్రపంచ వారసత్వం. యునెస్కో లెక్కలో 23 వాకిళ్లకు చెందిన 120 కట్టడాలున్నాయి. మధ్యయుగపు పటం, 18, 19 శతాబ్దాల ఇళ్లు, ఈ రెండూ ఇంత సంపూర్ణంగా ఒకేచోట మిగలడం మధ్య యూరప్‌లో అరుదు కాబట్టే గుర్తింపు ఇచ్చారు.

అదే జాబితాలో ఇంకా పల్లెలున్నాయి కదా అని అడగవచ్చు. హంగేరీలో హొల్లోకో ఉంది, 1987లో చేరింది. ఆ ఊరు 1909లో కాలిపోయాక పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నది. స్లొవేకియాలో కొండల మధ్య వల్కొలీనెట్స్ ఉంది, 1993లో చేరింది, అన్నీ దుంగల ఇళ్లు. రెండూ చూడదగ్గవే. హోలషోవిట్సె ప్రత్యేకత ఏమిటంటే అది మైదాన ప్రాంతపు కలిగిన రైతుల ఊరు. పేదరికం వల్ల కాదు, చేతిలో డబ్బు ఆడిన రోజుల్లో రైతు ఏం కోరుకున్నాడో అక్కడ కనిపిస్తుంది.

అక్కడ ఇప్పుడు నివసించేవాళ్ల మాట కూడా చెప్పాలి. అది మ్యూజియం కాదు. వాకిళ్లలో ఒకదానిలో పాత పనిముట్లు, గదుల సామాను ప్రదర్శనగా పెట్టారు, మిగిలినవి జనం కాపురముండే ఇళ్లు. కిటికీ మార్చాలన్నా, గోడకు రంగు వెయ్యాలన్నా వారసత్వ శాఖ అనుమతి కావాలి. తక్కువ ధరకొచ్చే ప్లాస్టిక్ కిటికీ పెట్టుకోవడం కుదరదు, చెక్కతోనే పాత కొలతలో చేయించాలి. గేటు తెరిచి ఉంటే లోపలికొచ్చి ఫొటోలు తీసేవాళ్లున్నారు. తెరిచిన గేటు ఆహ్వానం కాదు, దయచేసి అది గుర్తుంచుకోండి. 140 మంది ఊళ్లోకి వేసవిలో బస్సులకు బస్సులు దిగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి. వాళ్లు అక్కడ ఉంటున్నారు కాబట్టే పొయ్యి వెలుగుతోంది, కప్పు కురవడం లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. బుద్యెయోవిట్సె నుంచి బస్సులున్నాయి, శని ఆదివారాల్లో తక్కువ, ముందే చూసుకోండి. నేల చదునుగా ఉంటుంది కాబట్టి సైకిల్ మీద వెళ్లడం ఇంకా బాగుంటుంది, చెరువుల గట్ల మీదుగా దారి. జూలై చివరి వారాంతంలో రైతు పండుగ జరుగుతుంది. కమ్మరులు, కుమ్మరులు, బుట్టలల్లేవాళ్లు మైదానం నిండా కూర్చుంటారు. జనం కిక్కిరిసి ఉంటారు. ఇళ్లు చూడాలంటే ఇంకో రోజు వెళ్లండి, మనుషులను చూడాలంటే ఆ రోజే వెళ్లండి. ముఖాల మీది సున్నపు పని బాగా కనిపించాలంటే వెలుగు పక్కనుంచి పడే ఉదయమో సాయంత్రమో మేలు.

ఊరి బయట పొలంలో నిలువు రాళ్ల వలయం ఒకటి కనిపిస్తుంది, 25 రాళ్లు. చరిత్రపూర్వ యుగానిది అనుకుని చాలామంది పొరబడతారు. అది 2008లో ఒక గ్రామస్థుడు తన ఇష్టంతో నిలబెట్టించింది. పిల్లలకు బాగా నచ్చుతుంది.

అక్కడి దాకా వెళ్లినవాళ్లు చెస్కీ క్రుమ్లోవ్ ఎలాగూ చూస్తారు. దానితో పాటు జ్లతా కొరునా మఠం, వీలైతే విష్షీ బ్రోద్ మఠం కూడా చూడండి. క్రుమ్లోవ్ జమీందారుది, విష్షీ బ్రోద్ యజమానిది, హోలషోవిట్సె ఆ యజమానికి పంట పండించినవాళ్లది. మూడూ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే అప్పటి సమాజం ఎలా నడిచిందో పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. వరస మీ ఇష్టం, నేనైతే పల్లెతోనే మొదలుపెట్టమంటాను.

నా దగ్గర ఇంకొన్ని ఫొటోలున్నాయి, గేట్ల చెక్కడాలవి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసలో ఉన్న అమ్మగారికి మైకు ఇవ్వండి, ఆమె ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు.